తూకం చీటీలో 8,960 కిలోలు, కంప్యూటర్‌లో 8,590

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. జూన్, జూలై వచ్చాయంటే తోతాపురి కాయ లారీలు, ట్రాక్టర్లు గేటు ముందు బారులు తీరతాయి. నిండు బండి వేబ్రిడ్జి ఎక్కుతుంది. కాయ దించాక ఖాళీ బండి మళ్ళీ ఎక్కుతుంది. రెండు తూకాల తేడాకే రైతుకు డబ్బు. సీజన్ అయిపోయాక లెక్కల పట్టీ చేతికొస్తే, ఒక రైతు దాచుకున్న చీటీలో నికరం 8,960 కిలోలు, పట్టీలో 8,590. టైపింగ్ పొరపాటు అయ్యుంటుందన్నది ఫ్యాక్టరీ మొదటి జవాబు. తర్వాత మరికొందరు చీటీలు తెచ్చారు. మొత్తం 61 చీటీలు పోల్చి చూస్తే 19 కలవలేదు.

డేటాబేస్ ఫోరెన్సిక్స్ అంటే డేటాబేస్‌లో ఏది ఎప్పుడు ఎలా మారిందో ఆధారాలతో తేల్చే పని. అందులో రోజూ చేసేది ఏమిటని తిరుపతి, చిత్తూరు వైపు విద్యార్థులు అడుగుతుంటారు. వాళ్ళకోసం కూర్చిన శిక్షణ కేసు ఇది. ఫ్యాక్టరీ, అందులోని అంకెలు కల్పితం. సాఫ్ట్‌వేర్ నడిచే తీరు, చట్టం, పని క్రమం మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఏముంది అక్కడ

వేబ్రిడ్జి గదిలో ఒకే కంప్యూటర్. విండోస్ 10, దాని మీద మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2017 ఎక్స్‌ప్రెస్, పైన తూకం సాఫ్ట్‌వేర్. ఎక్స్‌ప్రెస్ ఉచితం కాబట్టి చిన్న ఫ్యాక్టరీల్లో, లాడ్జీల్లో, పాల కేంద్రాల్లో ఇదే ఎక్కువగా ఎదురవుతుంది. ఉచితం కావడం వల్ల వచ్చే లోట్లు మూడు, ముందే తెలిసి ఉండాలి. పనులను వేళకు నడిపే ఏజెంట్ ఇందులో ఉండదు, అందుకే బ్యాకప్‌లు విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో తీస్తారు. ఇక్కడ ప్రతి ఆదివారం రాత్రి ఒకటి బయటి డిస్క్‌లోకి వెళ్తోంది. కొత్త డేటాబేస్ సింపుల్ రికవరీ మోడల్‌లో పుడుతుంది, అంటే ప్రతి మార్పునూ రాసుకునే లాగ్ ఫైలు, చెక్‌పాయింట్ (మెమరీలోని మార్పులు డిస్క్ మీదికి రాసే సందర్భం) తర్వాత పాత చోటునే మళ్ళీ వాడుకుంటుంది. మూడోది, డేటాబేస్‌ను దానంతటదే మూసేసే ఆటో క్లోజ్ ఆన్‌లో ఉంటుంది.

లాగిన్ ఒక్కటే, ఎస్ఏ, అంటే అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ ఖాతా. ఆపరేటరు, లెక్కల గుమస్తా, సాఫ్ట్‌వేర్ అమ్మిన సంస్థ మనిషి, ముగ్గురూ దాన్నే వాడుతున్నారు. ఈ ఒక్క సంగతితోనే కేసులో కష్టమైన సగం ఎక్కడుందో తేలిపోయింది.

తలుపు తీయకుండా లోపలి సరుకు తీసుకోవడం

ముందు యజమాని నుంచి రాతపూర్వక అనుమతి. ఏ కంప్యూటరు, ఏ డేటాబేస్, ఏ తేదీల మధ్య అన్నది అందులో ఉండాలి. తర్వాత తెరకు ఫోటో, పక్కనే సరైన సమయం చూపే ఫోన్. కంప్యూటర్ గడియారం 4 నిమిషాలు ముందుందని తేలింది. చూసిన సంగతి అప్పటికప్పుడే రాసుకోవాలి, సాయంత్రానికి దాన్ని సరిచేసేవాళ్ళు ఎవరో ఒకరు వస్తారు.

ఏది ముందు మాయమవుతుందో దాన్ని ముందు తీసుకోవాలన్నది సాక్ష్య సేకరణ మీద 2002లో వచ్చిన మార్గదర్శక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3227 పెట్టిన క్రమం. సర్వర్‌లో అన్నిటికన్నా అల్పాయుష్షు మెమరీలో ఉండే ప్లాన్ క్యాష్‌ది. ఇటీవల నడిచిన ఎస్‌క్యూఎల్ వాక్యాలు అందులో ఉంటాయి, సర్వీసు రీస్టార్ట్ అయితే పోతాయి. అందుకే "ఒకసారి రీస్టార్ట్ చేసి చూద్దాం" అన్నవాళ్ళను ముందు ఆపాలి.

ఆటో క్లోజ్ ఇక్కడే చిక్కు తెస్తుంది. వాడేవాళ్ళు లేనప్పుడు డేటాబేస్ మూసుకుని ఉంటుంది. మనం అందులోకి కనెక్ట్ అయిన మరుక్షణం తెరుచుకుంటుంది, రికవరీ (లాగ్‌తో సరిచూసుకునే పని) నడుస్తుంది, లాగ్‌లో కొత్త రికార్డులు పడతాయి, బయటికి రాగానే చెక్‌పాయింట్ పడుతుంది. అంటే చూడటానికి వెళ్ళి సాక్ష్యం మీద అడుగు వేసినట్టే. మరి ఆటో క్లోజ్ ఆన్‌లో ఉందని లోపలికి పోకుండా తెలిసేదెలా? సర్వర్ ఎర్రర్ లాగ్ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. అందులో అదే డేటాబేస్ పేరుతో "స్టార్టింగ్ అప్ డేటాబేస్" అన్న వరస రోజుకు పదుల సార్లు కనిపిస్తే ఆన్‌లో ఉన్నట్టే.

కాబట్టి కనెక్షన్ సర్వర్ సొంత వివరాలుండే మాస్టర్ డేటాబేస్‌కి మాత్రమే. అక్కడి నుంచే ప్లాన్ క్యాష్ బయటికి తీసుకున్నాం. పనికొచ్చేదేమీ లేదు, డేటాబేస్ మూసుకున్నప్పుడల్లా క్యాష్ కూడా ఖాళీ అవుతుంది కాబట్టి ఆశ్చర్యమూ లేదు. మూసి ఉన్న డేటాబేస్ ఫైళ్ళకు తాళం ఉండదు. అందువల్ల ఎండీఎఫ్ (డేటా ఫైలు), ఎల్‌డీఎఫ్ (లాగ్ ఫైలు) రెండింటినీ ఎఫ్‌టీకే ఇమేజర్ అనే కాపీ సాధనంతో నేరుగా శుభ్రమైన డిస్క్‌లోకి కాపీ చేసి, ఫైలుకు వేలిముద్ర లాంటి ఎస్‌హెచ్‌ఏ 256 హ్యాష్ తీసి, కాగితం మీద రాసి, యజమానితో, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించడమే. డేటాబేస్ తెరిచి ఉండి ఉంటే వాడుకలో ఉన్న ఫైళ్ళనూ కాపీ చేయగల విండోస్ షాడో కాపీ తీయాల్సి వచ్చేది.

"బ్యాకప్ తీసి ఇస్తాం, అది చాలదా?" అని చాలామంది అడుగుతారు. చాలదు. బ్యాకప్ కేటాయింపులో ఉన్న ఎక్స్‌టెంట్లను, అంటే డేటా ఫైలులో వాడుకలో ఉన్న పేజీల కట్టలను మాత్రమే రాస్తుంది. కేటాయింపు పోయిన పేజీల్లో మిగిలిన పాత వరుసలు అందులోకి రావు. పైగా బ్యాకప్ మొదలవగానే చెక్‌పాయింట్ పడుతుంది, సింపుల్ మోడల్‌లో అది లాగ్ పాత భాగాన్ని తిరిగి వాడుకోవడానికి వదిలేస్తుంది. ఫైళ్ళ కాపీ చేతికొచ్చాకే బ్యాకప్ మాట. ఇంతకన్నా నష్టం చేసేది ఫైలును కుదించే "ష్రింక్". లాగ్ పెరిగిపోయిందని ఎవరైనా దాన్ని నడిపితే లాగ్ ఫైలు చివరి ముక్క డిస్క్‌లో ఖాళీ చోటుగా మారిపోతుంది, ఆ తర్వాత దాన్ని ఏరుకోవడం అదృష్టం మీద ఆధారపడుతుంది.

అన్నీ అయ్యాక కంప్యూటర్ ఆపి, డిస్క్ మీద ఏమీ రాయనివ్వని రైట్ బ్లాకర్ పెట్టి, మొత్తం డిస్క్ ఇమేజ్ (బైటు బైటుకూ నకలు). 500 జీబీ డిస్క్, సెకనుకు 100 ఎంబీ వేగం అనుకుంటే గంటా 23 నిమిషాలు. సరిచూసుకోవడానికి ఇంకో అంత. ఆ మూడు గంటలూ యంత్రాన్ని వదిలి టీకి కూడా పోకూడదు. అది ఎవరి కళ్ళముందు ఉందన్నది రేపు అడిగే ప్రశ్న.

రెండు బైట్ల దగ్గర

తిరుపతిలోని పనిబల్ల మీద కాపీకి కాపీ తీసుకుని, అదే బిల్డ్ (ఉపవెర్షన్) ఉన్న ఎస్‌క్యూఎల్ సర్వర్ 2017కి అటాచ్ చేశాం. పై వెర్షన్‌కి అటాచ్ చేస్తే డేటాబేస్ అప్‌గ్రేడ్ అయిపోతుంది, ఆ పనికి రాసే లాగ్ రికార్డులు మనకు కావలసిన పాతవాటి మీదే పడొచ్చు. కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఇది. చేతిలో ఉన్న ల్యాప్‌టాప్‌లో ఏ వెర్షన్ ఉంటే దానికి తగిలించేస్తారు.

లాగ్ చదవడానికి ఎఫ్ఎన్ డీబీలాగ్ అనే ఫంక్షన్ ఉంది. మైక్రోసాఫ్ట్ పత్రాల్లో దానికి వివరణ ఉండదు, అయినా ఈ రంగంలో అందరూ వాడేది అదే. మామూలుగా అది లాగ్‌లో చురుకైన భాగాన్నే చూపుతుంది. ట్రేస్ ఫ్లాగ్ 2537 అనే సర్వర్ స్విచ్ వేస్తే, వదిలేసినా ఇంకా తుడిచిపెట్టుకుపోని భాగం కూడా కనిపిస్తుంది. ఇక్కడ అలా 9 రోజుల చరిత్ర దొరికింది.

తూకం టేబుల్ వరుసలో మొదటి 4 బైట్లు హెడర్. తర్వాత 4వ బైటు నుంచి చీటీ నంబరు, 8 నుంచి తేదీ సమయం, 16 నుంచి నిండు బండి బరువు, 20 నుంచి ఖాళీ బండి బరువు. మనం వెతుకుతున్న చీటీకి ఒక మాడిఫై రో (వరుస మార్పు) రికార్డు ఉంది. మార్పు మొదలైన చోటు 20. మార్పుకు ముందు ఉన్న బైట్లు 90 15, మార్పు తర్వాతవి 02 17. లాగ్ మొత్తం వరుసను రాయదు, మారిన ముక్కనే రాస్తుంది. అందుకే టేబుల్ నిర్మాణం తెలియనివాళ్ళకు ఈ నాలుగు అంకెలూ దుమ్ము లాంటివి.

తక్కువ విలువ ఇచ్చే బైటు ముందు ఉంటుంది కాబట్టి తిరగేసి చదవాలి. హెక్సాలో (16 ఆధారంగా రాసే అంకెల్లో) 15 అంటే 21, దాన్ని 256తో గుణిస్తే 5,376. హెక్సా 90 అంటే 144. కలిపితే 5,520. కొత్త విలువలో 17 అంటే 23, 256తో గుణిస్తే 5,888, దానికి 2 కలిపితే 5,890. నిండు బండి బరువు 14,480 కదల్లేదు. ఖాళీ బండి 370 కిలోలు బరువెక్కింది, రైతు కాయ 370 కిలోలు తగ్గింది. నికరం మీద చేయి వేయకుండా ఖాళీ బండిని బరువెక్కించడం గమనించాలి. పట్టీ చూసేవాళ్ళ కన్ను నికరం మీదే ఉంటుంది, ఖాళీ బండి గడిని ఎవరూ చూడరు.

9 రోజుల్లో ఖాళీ బండి బరువు మారిన వరుసలు 27. అన్నీ మోసమేనా? కాదు. దించాక ప్లాస్టిక్ క్రేట్లు బండిలోనే ఉండిపోతే ఖాళీ బరువు నిజంగానే తప్పు వస్తుంది, ఆపరేటరు సరిచేస్తాడు. అలాంటివి 6. వాటి ట్రాన్సాక్షన్ (ఒకటిగా నడిచే మార్పుల కట్ట) పేరు "యూజర్ ట్రాన్సాక్షన్" అని ఉంది, అదే ట్రాన్సాక్షన్‌లో సాఫ్ట్‌వేర్ సవరణల టేబుల్‌లోకి ఒక వరుస కూడా చేరింది. మిగతా 21కి అలాంటి వరుస లేదు. వాటి ట్రాన్సాక్షన్ పేరు కేవలం "అప్‌డేట్". ఎవరో సాఫ్ట్‌వేర్ బయటి నుంచి నేరుగా వాక్యం రాసి నడిపితే వచ్చే పేరు అది. నాలుగే ట్రాన్సాక్షన్లు, వరుసగా 5, 6, 4, 6 చీటీలు. అన్నీ రాత్రి 11:30 తర్వాత. ప్రతి చీటీలోనూ సరిగ్గా 370 కిలోలు. పొరపాటున టైపు చేస్తే ఇరవై ఒక్కసార్లు ఒకే తేడా రాదు.

ఇక్కడ ఆగి ఇంకో పరీక్ష చేయకపోతే ఎదుటి లాయరు ఒక్క ప్రశ్నతో పడగొడతాడు. "అప్‌డేట్" అనే పేరు సాఫ్ట్‌వేర్‌లోని ఏ తెర నుంచీ రాదని మీకెలా తెలుసు? అందుకే సాఫ్ట్‌వేర్‌ను వేరే యంత్రంలో పెట్టి, బరువు మార్చగల ప్రతి తెర నుంచీ ఒక్కో మార్పు చేసి, ప్రతిసారీ లాగ్ చూడాలి. ఒక పూట పని. అన్ని తెరలూ యూజర్ ట్రాన్సాక్షన్ అనే రాశాయి.

9 రోజులకు ముందు

సీజన్ మిగతా భాగానికి 7 ఆదివారాల బ్యాకప్‌లే దిక్కు. ఒక్కోదాన్ని ఒక్కో పేరుతో రీస్టోర్ చేసి, చీటీ నంబరు మీద జత చేసి, ఈ వారంలో ఉన్న బరువు వచ్చే వారానికి మారిందా అని చూడటం. సవరణల టేబుల్‌లో లేని, 370 తేడా ఉన్న చీటీలు ఇంకో 44 వచ్చాయి.

ఈ పద్ధతికి ఒక గుడ్డి కోణం ఉంది. సోమవారం తూచిన చీటీని బుధవారం మార్చేస్తే, ఆదివారం బ్యాకప్‌లోకి మారిన అంకే వెళ్తుంది. రెండు బ్యాకప్‌లు పోల్చినా తేడా కనబడదు. రైతుల దగ్గర కలవని 19 చీటీల్లో 14 పై రెండు దారుల్లో దొరికినవే. 5 మాత్రం ఎక్కడా దొరకలేదు, కానీ కాగితానికీ డేటాబేస్‌కీ తేడా వాటిలోనూ 370. కాగితం చీటీని కూడా గుడ్డిగా నమ్మకూడదు కాబట్టి గేటు రిజిస్టరులో చేతిరాతతో ఉన్న బండి నంబరు, వేళతో సరిపోల్చాం. అప్పుడు నివేదికలో రాసింది "కనీసం 70 చీటీలు, 25,900 కిలోలు". ఆ "కనీసం" అన్న మాట తీసేయమని రెండు పక్షాలూ అడుగుతాయి. తీయకూడదు. దాన్ని రూపాయల్లోకి మార్చడం ఆడిటర్ పని.

మధ్యలో ఒక ఉచ్చు. చీటీ నంబర్లు 2,300ల్లో ఉండగా ఒక్కసారిగా 3,000 దాటాయి. దాదాపు ఏడు వందల చీటీలు తుడిచేశారని రాసేయాలనిపిస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012 నుంచి ఇంట్ ఐడెంటిటీ (సర్వరే వరుసగా ఇచ్చే) నంబర్లను వెయ్యి చొప్పున ముందే పక్కన పెట్టుకుంటుంది. కరెంటు పోయి సర్వర్ అర్ధాంతరంగా ఆగితే, మిగిలిన నంబర్లు వాడకుండానే తర్వాతి కట్టకు దూకుతుంది. ఎర్రర్ లాగ్‌లో ఆ రోజు సాయంత్రం సర్వర్ మళ్ళీ లేచిన గుర్తు, గేటు రిజిస్టరులో ఆ మధ్య అదనపు బండ్లు లేకపోవడం, రెండూ చూశాక ఆ అనుమానం కొట్టేశాం. మోసం జరిగిన చోట కనిపించిన ప్రతి వింతనూ మోసం ఖాతాలో వేస్తే అసలు నేరం నిరూపించే అంకె కూడా నమ్మకం కోల్పోతుంది.

ఎవరు?

యజమానికి కావలసింది పేరు. లాగ్‌లో ట్రాన్సాక్షన్ మొదలైన రికార్డుకు ఎస్ఐడీ, అంటే లాగిన్ గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని విప్పితే ఎస్ఏ అని వస్తుంది, అంతే. ఏ కంప్యూటర్ నుంచి, ఏ ప్రోగ్రాం నుంచి వచ్చిందో లాగ్ రాయదు. సర్వర్ తనంతట తాను రాసుకునే డిఫాల్ట్ ట్రేస్ 20 ఎంబీ ఫైళ్ళు అయిదింటిని ఉంచుకుంటుంది కానీ వరుసల మార్పులు అందులోకి రావు. మామూలు సెట్టింగులో విఫలమైన లాగిన్లే నమోదవుతాయి, సరైన పాస్‌వర్డ్‌తో వచ్చినవాడి జాడ ఉండదు. డేటాబేస్ చెప్పగలిగింది ఇక్కడితో అయిపోయింది. మిగతాది విండోస్ చెప్పాలి.

ప్రీఫెచ్ ఫైలు ఒక ప్రోగ్రాం చివరి 8 సార్లు ఎప్పుడు మొదలైందో దాచుకుంటుంది. ఎస్‌క్యూఎల్ వాక్యాలు నేరుగా నడిపే మేనేజ్‌మెంట్ స్టూడియో మొదలైన వేళల్లో ఒకటి రాత్రి 11:38. ఆ రాత్రి ట్రాన్సాక్షన్ 11:41. దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్ ట్రేస్ ఫైల్లో బయటి నుంచి ఒక కనెక్షన్ 18:02 నుంచి 18:29 వరకు ఉంది. సాయంత్రం ఆరు గంటల సంగతి కదా, మనకెందుకని వదిలేస్తే కేసు అక్కడే చచ్చిపోతుంది. ఆ ఫైలు వేళలను యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాస్తుంది. 5 గంటల 30 నిమిషాలు కలిపితే 11:32 నుంచి 11:59. ట్రాన్సాక్షన్ దాని మధ్యలో పడింది. 4 నిమిషాల గడియారం తేడాను ఇక్కడ తీసేయనక్కర్లేదు, మూడు వేళలూ అదే గడియారం నుంచి వచ్చినవే. గేటు సీసీ కెమెరాతో పోల్చేటప్పుడు మాత్రం తీసేయాలి.

నాలుగు ట్రాన్సాక్షన్లలో మూడు ఇలా దూరపు కనెక్షన్ల లోపల పడ్డాయి. నాలుగోదాని వేళకు బయటి కనెక్షన్ లేదు. గదిలో అందరూ వాడే విండోస్ ఖాతా మాత్రం తెరిచి ఉంది. కాబట్టి నివేదిక చెప్పింది ఇంతే: మూడు మార్పులు ఫలానా ఎనీడెస్క్ నంబరుతో వచ్చిన కనెక్షన్ నడుస్తున్నప్పుడు జరిగాయి, నాలుగోది ఆ యంత్రం ముందు కూర్చుని చేసి ఉండొచ్చు, ఏ వేలు నొక్కిందో ఈ డేటాలో లేదు. ఆ నంబరు వెనక మనిషిని పట్టుకోవడం పోలీసులు నోటీసుతో చేయాల్సిన పని. ఈ వృత్తిలో ఒత్తిడి అంతా ఈ వాక్యం దగ్గరే ఉంటుంది. అనుమానితుడి పేరు అందరికీ తెలుసు, మనకూ చెబుతూనే ఉంటారు. అది మన పేజీలోకి రాకూడదు.

కోర్టుకు వెళ్ళే కాగితం

2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ 2023 అమల్లో ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డుల గురించి పాత సాక్ష్య చట్టంలో ఉన్న 65బి స్థానంలో ఇప్పుడు సెక్షన్ 63. దాని కింద ఇచ్చే సర్టిఫికెట్‌కి రెండు భాగాలు. మొదటిది కంప్యూటరు ఎవరి ఆధీనంలో ఉందో వాళ్ళు ఇచ్చేది, రెండోది నిపుణుడు ఇచ్చేది. రెండింట్లోనూ హ్యాష్ విలువ, అది ఏ పద్ధతిలో తీశారో రాయాలి. ఈ సర్టిఫికెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిట్‌రావు ఖోట్కర్ కేసులో పాత చట్టం కిందే తేల్చింది. ఫ్యాక్టరీలో తీసిన హ్యాష్, పనిబల్ల మీద తీసిన హ్యాష్, సర్టిఫికెట్‌లో రాసిన హ్యాష్ అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. 64 అక్షరాలను చేత్తో ఎక్కించే పని పెట్టుకోవద్దు.

పని వేళల లెక్క కూడా చెప్పుకోవాలి. ఫ్యాక్టరీలో ఒక రోజు, విశ్లేషణ 6 రోజులు, రాత 4 రోజులు. తెర మీద అంకెలు పారే ఉద్యోగం అనుకుని వచ్చేవాళ్ళు ఆ 4 రోజుల దగ్గర నీరసపడతారు.

ఈ దారిలోకి రావాలంటే

"డేటాబేస్ ఫోరెన్సిక్స్" అనే పేరుతో ప్రకటన వెతికితే దొరకడం అరుదు. ఆడిట్ సంస్థల ఫోరెన్సిక్ టెక్నాలజీ విభాగాలు, బ్యాంకుల మోసాల విచారణ బృందాలు, భద్రతా సంస్థల ఇన్సిడెంట్ రెస్పాన్స్ బృందాలు, ప్రభుత్వ ప్రయోగశాలలు, ఇవి అసలు చోట్లు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లో ఎక్కువ. చిత్తూరు వాళ్ళకు చివరి రెండూ బస్సు దూరమే. ఫోరెన్సిక్స్ కోర్సు చేసి డేటాబేస్ నేర్చుకునేవాళ్ళ కంటే, రెండు మూడేళ్ళు డేటాబేస్ అడ్మిన్‌గా రాత్రుళ్ళు బ్యాకప్‌లు రీస్టోర్ చేసి ఇటు వచ్చినవాళ్ళు త్వరగా నిలబడతారన్నది మా అభిప్రాయం. ఏది మామూలుగా ఉంటుందో ఒంటికి పట్టినవాళ్ళకే వింత కనబడుతుంది.

ఒక్క ఇంజిన్ లోతుగా నేర్చుకుని తర్వాత మిగతావాటికి పోవాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ పేజీ 8 కేబీ, మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీ పేజీ మామూలుగా 16 కేబీ. మైఎస్‌క్యూఎల్ 8.0లో మార్పులు నమోదయ్యే బైనరీ లాగ్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, 30 రోజులు నిలుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో మార్చిన వరుస పాత రూపం మామూలుగా వ్యాక్యూమ్ (పాతవాటిని ఊడ్చే పని) వచ్చేదాకా పేజీలోనే ఉంటుంది. ఫోన్లలో ఎక్కువగా కనిపించేది ఎస్‌క్యూలైట్, తాజా మార్పులు ముందుగా చేరే దాని వాల్ ఫైలును మరిచి ప్రధాన ఫైలొక్కటే తెచ్చుకుంటే తాజా సందేశాలు రావు.

ఇంట్లో చేసి చూడటానికి ఖర్చు లేదు, ఎస్‌క్యూఎల్ సర్వర్ డెవలపర్ ఎడిషన్ ఉచితం. పైన చెప్పిన నాలుగు గడులతో టేబుల్ పెట్టి, ఖాళీ బండి బరువు 5,520 రాసి, దాన్ని 5,890 చేయండి. లాగ్‌లో 90 15, 02 17 మీ కళ్ళతో చూడండి. తర్వాత ఒక వరుసను తుడిచేసి, ట్రేస్ ఫ్లాగ్ 3604 వేసి డీబీసీసీ పేజ్ అనే ఆదేశంతో ఆ పేజీని ముడి బైట్లుగా తెరవండి. వరుస పోయినా బైట్లు అక్కడే ఉంటాయి. ఇక కొత్త వరుసలు ఒక్కొక్కటీ చేరుస్తూ, పాత బైట్లు ఎన్నో వరుస దగ్గర చెరిగిపోయాయో రాసుకోండి. చివరగా ఆ మొత్తాన్ని తెలుగులో ఒక పేజీగా రాసి, కంప్యూటర్ తెలియని లెక్కల గుమస్తాకు ఇచ్చి చదివించండి. అతను ఆగిన ప్రతి చోటా వాక్యం తిరగరాయాలి.